ఎడమ చివర నిలబడినావిడ

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇలాంటి సంగతి చెప్పబోయే ప్రతివాడూ మొదట ఈ మాటే అంటాడని తెలుసు. అయినా అనక తప్పదు. చిన్నప్పుడు మా కడపలో మా మేనత్త రోడ్డు మీద కుంకుమ పూసిన నిమ్మకాయ కనిపిస్తే దాన్ని దాటకుండా సందు చుట్టూ తిరిగి వచ్చేది. నేను అలాంటి నిమ్మకాయనే ఇంటికి తెచ్చి, కడిగి, మజ్జిగలో పిండుకుని తాగాను. తన్నులు తిన్నాను గానీ కడుపునొప్పి కూడా రాలేదు. ఆ తర్వాత కెమిస్ట్రీ చదివాను, యూనివర్సిటీలో అదే చెబుతూ తార్నాకలో స్థిరపడిపోయాను. కాబట్టి నేను చెప్పబోయేదాన్ని అందరికంటే ముందు అనుమానించినవాణ్ణి నేనేనని గుర్తుపెట్టుకోండి.

నాకున్న పిచ్చి వేరే. పాత కాగితాలు పోగుచేస్తాను. ఫొటోలు, పోస్టుకార్డులు, బస్సు టికెట్లు, హాస్టల్ మెస్సు కూపన్లు, సినిమా కరపత్రాలు, ఎవరివో పెళ్ళి కార్డులు. కోఠి ఫుట్‌పాత్ మీద ఒక ఆదివారం మా క్యాంపస్ రోడ్డు బొమ్మ ఉన్న పోస్టుకార్డు దొరికింది. మెట్రో స్తంభాలు లేవు, ఫ్లైఓవర్ లేదు, రెండు పక్కలా చెట్లు, మధ్యలో ఒకే ఒక్క సైకిలు. రోజూ స్కూటర్ మీద తిట్టుకుంటూ పోయే రోడ్డే అది. అంతే, ఆ రోజు నుంచి పట్టుకుంది. "ఇంట్లో బతికున్నవాళ్ళు కూర్చోవడానికి కుర్చీ లేదు గానీ, ఎవరో చచ్చిపోయినవాళ్ళ పెళ్ళి కార్డులకు మాత్రం బీరువా ఉంది" అని మా ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆమె మాటలో అబద్ధం లేదు.

పాత గ్రూప్ ఫొటోలు చూడడంలో నాకొక పద్ధతి ఉంది. మధ్యలో కుర్చీల్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాళ్ళ పేర్లు కింద అట్ట మీద అచ్చువేసి ఉంటాయి. వాళ్ళతో నాకు పని లేదు. నేను అంచులు చూస్తాను. ఫొటోగ్రాఫర్ వద్దనుకున్నా పడిపోయినవన్నీ అక్కడే ఉంటాయి. గోడకు ఆనించిన నిచ్చెన, టీ పట్టుకుని ఆగిపోయిన మనిషి, ఎవరిదో కుక్క. ఊరు ఎలా ఉండేదో అంచుల్లోనే తెలుస్తుంది.

కిందటేడు మా డిపార్ట్‌మెంట్ వరండాలో వీటిలో కొన్నింటిని ప్రదర్శనకు పెట్టాను. మీ ఇళ్ళల్లో ఈ చుట్టుపక్కల తీసిన పాత ఫొటోలుంటే తెచ్చి చూపించండని లాలాపేట్, మల్కాజ్‌గిరి వైపు తెలిసినవాళ్ళతో చెప్పించాను. అలా వచ్చింది భారతమ్మ.

లాలాపేట్‌లో ఆమెకు టైలరింగ్ షాపుంది. అరవై దాటిన మనిషి, మెడలో కొలత టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేసింది. మాట కూడా కత్తెర లాంటిదే. ప్రదర్శన అంతా ఒక చుట్టు చుట్టి, "సార్, గన్ని ఫొటోల ఒక్క ఆడామెకన్న సక్కగ కుట్టిన జాకెట్ లేదు" అని తేల్చేసింది. తర్వాత చీరల డబ్బాలోంచి తన పెళ్ళి కార్డు, షాపు తెరిచిన రోజు తీయించుకున్న ఫొటో తీసి నా చేతిలో పెట్టింది.

"గివి మీరే ఉంచుకోండ్రి. నాకు మాత్రం ఒక్కటి దొర్కవట్టియ్యాలె."

"ఏంటమ్మా?"

"మా అమ్మ మొఖం."

వాళ్ళమ్మ పేరు నర్సవ్వ. సీతాఫలాల కాలంలో సీతాఫలాలు, అవి అయిపోతే జామకాయలు గంపలో పెట్టుకుని లాలాపేట్ నుంచి నడుచుకుంటూ మా క్యాంపస్ హాస్టళ్ళ దగ్గరికి వచ్చి అమ్మేదట. భారతమ్మకు ఏడాదిన్నర వయసప్పుడు జ్వరంతో పోయింది. ఫొటో అంటూ ఒక్కటీ లేదు. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు.

"మా చిన్నమ్మ నన్ను కడుపుల వెట్టుకొని సాదింది సార్. గందుకే ఆమె ముంగట మా అమ్మ ముచ్చట ఎన్నడు తియ్యలె. తీస్తె ఆమె మనసుకు ఎట్లుంటది? మొన్న చిన్నమ్మ గూడ పాయె. ఆమె ఫొటో గోడకు పెట్టిచ్చిన. పక్కన ఇంకో మేకు గూడ కొట్టిచ్చిన. మేకు ఒక్కటే ఉన్నది."

నా గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, క్యాంపస్‌లో తీసిన ఆ కాలం ఫొటోలు ఒక్కొక్కటీ పెద్దది చేసి చూపించాను. అంచుల్లో పళ్ళమ్మే ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. భారతమ్మ ఒక్కొక్కరినీ చూసి తల అడ్డంగా ఊపింది. అమ్మను చూసి ఎరగని మనిషి, వీళ్ళెవరూ మా అమ్మ కాదని ఎలా చెబుతోందో నిజానికి అడగాల్సింది. అడగలేదు.

చివరికి ఒక హాస్టల్ గ్రూప్ ఫొటో వచ్చింది. దాని అట్టను పురుగు తింటుంటే నేనే ఫొటోను విడదీశాను. అప్పటిదాకా అట్ట చట్రం కింద దాగి ఉన్న ఎడమ అంచు బయటపడింది. అక్కడొక ఆడమనిషి నిలబడి ఉంది. మనిషి అనడమే గానీ, మొహం లేదు. ఆ రోజుల్లో స్టాండు కెమెరాతో తీసేటప్పుడు కదలకుండా ఉండాలి. కదిలితే చెరిగిపోతారు. ఈవిడ కదిలింది. పైనంతా తెల్లటి మచ్చ, కింద చీర నలుపు. పక్కన నేల మీద గంప మాత్రం కడిగినంత శుభ్రంగా పడింది. గంప కదలదు కదా. అందులో సీతాఫలాలు లెక్కపెట్టుకోవచ్చు.

నేను ఆ ఫొటో దాటించబోయాను. భారతమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"గామెనే."

గంప చూసి అంటోందేమో అనుకున్నాను. మెల్లగా చెప్పాను. అమ్మా, ఆ కాలంలో సీతాఫలాలు అమ్మినవాళ్ళు బోలెడుమంది, ఇందులో మొహమే పడలేదు, ఎవరని చెప్పగలం అని. ఆమె నా వైపు తిరిగి, నేను పరాచికాలాడుతున్నానేమోనని చూసింది. "ఏంది సార్, గింత సక్కగ కనవడుతుంటే" అంది. మళ్ళీ తెర వైపు తిరిగిపోయింది. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయి చూస్తూ ఉండిపోయింది. పాపం, ఆశ ఎంత పని చేస్తుందో కదా అనుకున్నాను. అప్పటికి నా లెక్క అంతే.

ఇక్కడ నేనొక తెలివైన పని చేశాను. ఇప్పుడు పాత ఫొటోలు బాగుచేసే యాప్‌లు వచ్చాయి. మచ్చలు పోగొట్టి, రంగులేసి, లేని ముక్కు మూతి కూడా అవే అతికిస్తాయి. ఆ తెల్లమచ్చను వాటిలో ఒకదానికి మేపాను. బ్రహ్మాండమైన మొహం బయటకొచ్చింది. ప్రింటు తీయించి, భారతమ్మను తార్నాకలో మా ఇంటికి రమ్మన్నాను. మా ఆవిడ టీ పెట్టింది. ఏదో గొప్ప ఉపకారం చేసినవాడిలా ఆ ప్రింటు ఆమె చేతికిచ్చాను.

భారతమ్మ దాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"గీమెవరు సార్? టూత్‌పేస్టు కంపెనీ ఆమె లెక్కున్నది."

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. నాకు మొహం మాడిపోయింది. భారతమ్మ ఆ రంగుల ప్రింటు బల్ల మీద బోర్లించి, అసలు ఫొటో అడిగి తీసుకుంది. మచ్చ మీద వేలు పెట్టి, జాకెట్ కొలతలు చెప్పినంత మామూలుగా చెప్పడం మొదలుపెట్టింది. గదవ మీద, అంటే గడ్డం మీద, మూడు చుక్కల పచ్చబొట్టు ఉందట. కళ్ళు కొంచెం చిన్నవట. కుడి చెవికి కమ్మ ఉందట, ఎడమ చెవి తమ్మె తెగిపోయి రెండు పాయలుగా ఉందట. "గిదంత మీ మిషిని తీసేసి, ఎవరో సినిమా ఆమెను పెట్టింది" అని నన్ను కోప్పడింది.

మా ఆవిడ ఫొటోను బాల్కనీలో వెలుతురులోకి తీసుకెళ్ళి చూసింది. నేను భూతద్దంతో చూశాను. ఏమీ లేదు. మచ్చ మచ్చలాగే ఉంది.

నాకు కోపం వచ్చింది. దాచుకోవడమెందుకు, నా గుణమే అంత. లేనిది ఉందంటే నాకు పడదు. మీ అమ్మను ఎరిగినవాళ్ళు ఒక్కరన్నా లేరా, అడిగి తేల్చుకుందాం అన్నాను. ఆమె ఫొటోను బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. తర్వాత ఒక మేనమామ ఉన్నాడని చెప్పింది. నర్సవ్వ తమ్ముడు, అంజయ్య. అక్క పోయిన ఏడాది తిరక్కుండానే బావ ఇంకో పెళ్ళి చేసుకున్నాడని కోపం తెచ్చుకుని, వీళ్ళ గడప తొక్కడం మానేశాడు. రైల్వేలో ఎక్కడెక్కడో పనిచేసి, రిటైరయ్యాక మల్కాజ్‌గిరిలో ఇల్లు కట్టుకున్నాడని ఎవరో కస్టమర్ చెబితే తెలిసిందట. ఊహ తెలిశాక భారతమ్మ ఆయన్ని చూసిందే లేదు.

"పోదాం పదండి" అన్నాను.

"ఆయన వెళ్ళగొడ్తె పడ్త సార్. గానీ గామె గట్ల లేకుండె అన్నడనుకో, నాకు మల్ల అమ్మ లేనట్టే గద."

అప్పుడు తెలిసింది నేను అడుగుతున్నది ఎంత పెద్ద సంగతో. నాకది వాదన. ఆమెకు కొత్తగా దొరికిన తల్లి. వద్దులెమ్మా అని కూడా అన్నాను. కొన్ని రోజులు ఆమె నుంచి కబురు లేదు. తర్వాత ఒక ఆదివారం పొద్దున ఆటో వేసుకుని మా ఇంటి ముందు దిగింది. "నడువుండ్రి సార్, ఏదైతే గదయితది" అంది.

అంజయ్యది స్టేషన్‌కు దగ్గర్లోనే ఇల్లు. వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎనభైకి అటూ ఇటూ ఉంటాయి. షుగర్ వల్ల చూపు పూర్తిగా పోయిందని ఆయన కోడలు చెప్పింది. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషం వేసింది. ఫొటో చూసి మొహమాటానికి అవుననే వీలు ఈయనకు లేదు కదా. నేను అడిగేదాకా ఫొటో ఊసెత్తవద్దని భారతమ్మకు ముందే చెప్పి ఉంచాను.

ఆమె మంచం పక్కన నిలబడి, "మామా, నేను నర్సవ్వ బిడ్డను" అంది.

లోపలికి వెళ్ళబోతున్న కోడలు ఆగిపోయింది. ముసలాయన గొంతు వచ్చిన వైపు మొహం తిప్పాడు.

"నీ పెండ్లికి ఒక్క కార్డన్న పంపకపోతిరి."

ఇన్నేళ్ళ కోపం ఆ ఒక్క మాటతో పోయినట్టుంది. భారతమ్మ మంచం పట్టె మీద కూలబడి ఏడ్చింది. ఆయన చెయ్యి గాలిలో వెతుక్కుని ఆమె భుజం మీద ఆగింది. నేను కాస్త ఆగి ఉండాల్సింది. ఆగలేదు. ఎక్కడ ఆమె నోరు జారుతుందోనని, "నర్సవ్వ గారు చూడ్డానికి ఎలా ఉండేవారండీ?" అని మధ్యలో దూరిపోయాను.

"ఎట్లుంటది? మనిషి లెక్కనే ఉంటది" అన్నాడాయన, నేనెవరో అర్థం కాక. తర్వాత తనే నవ్వి చెప్పుకొచ్చాడు. "పచ్చగుండేది. చిన్న చిన్న కండ్లు. జాతరల గదవకు మూడు సుక్కలు పొడిపిచ్చుకొని వస్తె మా నాయిన కొట్టిండు."

పచ్చబొట్టు అప్పట్లో చాలామందికి ఉండేదే అని నాకు నేను చెప్పుకున్నాను. చిన్న కళ్ళు కూడా అంతే. ఆయన మళ్ళీ అందుకున్నాడు.

"కమ్మలంటే దానికి పానం. గానీ ఒక చెవి తెగె గద, ఎడమది. తెంపింది ఎవలనుకున్నవ్ బిడ్డా? నువ్వే. చంకల ఉండి కమ్మ వట్టి గుంజినవ్. నెత్తురు కార్తుంటె గూడ నీ మీదికి చెయ్యి లేవలె దానికి. చెవి వట్టుకొని నవ్వుకుంట కూసున్నది. గా గాయం మంచిగ మాననే లేదు, జొరమొచ్చె."

పట్టపగలు, ఎండ, పక్కనే లోకల్ రైలు మోత, వంటింట్లోంచి పోపు వాసన. అయినా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. భారతమ్మ నా వైపు చూడను కూడా లేదు. గెలిచానన్న ముఖం కాదది. తల్లి చెవి తెంపానని తెలిసి, "నొప్పి లేసిందేమో మామా" అని ఆయన్ని పదే పదే అడుగుతోంది.

ఆ తర్వాత నేను ఊరుకోలేదు. ఏడాదిన్నర పిల్లకు జ్ఞాపకం ఉంటుందా అని మా యూనివర్సిటీలో సైకాలజీ చెప్పే మిత్రుణ్ణి అడిగాను. అంత చిన్నప్పటివి నిలవవు అన్నాడు. తండ్రి ఎప్పుడైనా చెప్పాడేమో అని భారతమ్మను గుచ్చి గుచ్చి అడిగాను. ఆయన రెండో పెళ్ళి తర్వాత ఆ పేరే ఎత్తలేదంది. చిన్నమ్మ నర్సవ్వను చూసిందే లేదు. పోనీ, ఎక్కడో విన్నది మనసులో పడి ఉండి, ఇప్పుడు పైకి వచ్చిందనుకుందాం. అలాగే అనుకుని పడుకుంటాను. కానీ మా ఇంట్లో ఆమె ఆలోచించుకుని చెప్పలేదు. వేలు పెట్టి చదివినట్టు చెప్పింది. మా ఆవిడ కూడా అదే అంటుంది.

బతుకమ్మ మొదలయ్యే రోజు వచ్చే అమావాస్యను ఇక్కడివాళ్ళు పెత్రమాస అంటారు. ఆ రోజు పోయిన పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇస్తారు, ఫొటోలకు బొట్లు పెట్టి, ఇష్టమైనవి వండి ముందు పెడతారు. భారతమ్మ మమ్మల్ని భోజనానికి పిలిచింది. లాలాపేట్‌లో షాపు వెనకే ఇల్లు. గోడకు చిన్నమ్మ ఫొటో, దాని పక్కనే చక్కగా ఫ్రేము కట్టించిన నర్సవ్వ ఫొటో. ఎడమ అంచు ఒక్కటే పెద్దది చేయించి నేనే ఇచ్చాను. ఎంత పెద్దది చేస్తే అంత పెద్ద మచ్చ అది. రెండింటినీ దించి పీట మీద పెట్టారు. ఒక ఆకులో అన్నం, గారెలు, ఇంకో ఆకులో అవే, దాని కొసన ఒక సీతాఫలం. మల్కాజ్‌గిరి నుంచి అంజయ్యను కూడా తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు.

భారతమ్మ కోడలు కుంకుమ భరిణె పట్టుకుని చిన్నమ్మ నుదుట బొట్టు పెట్టింది. రెండో ఫొటో దగ్గర చెయ్యి ఆగింది. పాపం ఆ పిల్లకు కూడా మచ్చే కనిపిస్తోంది. ఏం చేయాలో తెలియక, సరిగ్గా మచ్చ మధ్యలో పెట్టబోయింది.

"ఆడ పెట్టకు, కన్నుంటది!" అని భారతమ్మ గట్టిగా అరిచింది.

కోడలు చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. కన్నుంటే నిజంగా పొడుచుకునేదే అన్నంతగా అందరం ఉలిక్కిపడ్డాం. భారతమ్మ భరిణె తీసుకుని, ఉంగరపు వేలితో కుంకుమ అద్ది, వెతుక్కోకుండా, తడుముకోకుండా బొట్టు పెట్టింది. నేను నుదురు ఉంటుందనుకున్న చోటుకు బాగా కిందికి, ఒక పక్కకు. నేను అన్నాళ్ళుగా భుజం అనుకుంటున్న చోట.

ఆ ఎర్రచుక్కను ఆధారంగా పట్టుకుని మొహం కట్టుకోవడానికి ప్రయత్నించాను. అక్కడ నుదురైతే, కళ్ళు ఇంకా కిందికి ఉండాలి. గదవ మెడలోకి వంగి ఉండాలి. అంటే ఆవిడ తలెత్తి లేదు. కెమెరాకేసి చూడడం లేదు.

"తల వంచుకుని ఉందా అమ్మా?" అని అడిగాను.

"అవ్ సార్" అంది భారతమ్మ, ఫొటో మీంచి చూపు తిప్పకుండా. "ఫొటో దిక్కు సూస్తలేదు. చంకల నేనున్న గద. నన్ను సూస్తున్నది."

అంజయ్య కుర్చీలోంచే రెండు చేతులూ జోడించాడు.

నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. బొట్టు పెట్టిన మచ్చ తప్ప నాకింకేమీ కనబడలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఎన్నిసార్లు చూసినా అంతే. కదిలితే చెరిగిపోతారని పిల్లలకు బోర్డు మీద గీసి చూపించగలను. ఆ చెరిగినదాంట్లో కూతురికి తల్లి ఎలా కనబడిందో మాత్రం చెప్పలేను.

ఆ రోజు ఆటోలో తార్నాక వస్తుంటే మా ఆవిడ అడిగింది.

"మీకేమైనా కనబడిందా?"

"లేదు. నీకు?"

"లేదు" అంది. "అయినా మొక్కాను."

"నేనూ మొక్కాను" అన్నాను.